స్టిక్కర్ కాదు, నంబర్ చివరి అక్షరం చూడండి

పది, పన్నెండు ఫలితాలు వచ్చాక మన పద్మానగర్, కామత్‌ఘర్ ఇళ్లలో రెండు ముచ్చట్లే వినపడతాయి. ఏ కాలేజీ, ల్యాప్‌టాప్ ఎప్పుడు. దీపావళి బోనసో, ఎత్తిన చిట్టీయో చేతికి రాగానే తండ్రీబిడ్డలు కలిసి దుకాణానికి పోతారు. అక్కడ అడిగే మాట ఒక్కటే: "ఐ5 ఉందా, ఐ7 ఉందా?" దుకాణం ఆయన జవాబు కూడా ఒక్కటే: "ఉంది."

నేను ధామన్‌కర్ నాకా దగ్గర కంప్యూటర్లు రిపేరు చేస్తాను. మా నాన్న ముప్పై ఏండ్లు సాంచాలు నడిపిన మనిషి. నేనూ చదువుకునే రోజుల్లో రాత్రి పాళీలో కండెలు చుట్టినవాణ్నే. అందుకని ఈ కంప్యూటర్ సంగతి సాంచా లెక్కలోనే చెప్తాను. గుడ్డ చేతికొస్తే మనవాళ్లు కౌంటు ఎంత, పన్నా ఎంత, ఇంచికి ఎన్ని పిక్కులు అని అడుగుతారు. పైన అంటించిన బంగారు రంగు లేబుల్ చూసి ఎవరూ ధర కట్టరు. ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం లేబుల్ చూసే కొంటున్నాం. కౌంటు, పన్నా లాంటి లెక్కలు దానికీ ఉన్నాయి. అవన్నీ ప్రాసెసర్ నంబర్ పట్టుకుంటే తెలుస్తాయి.

మొన్న ఆరు సాంచాలు చూసే మామ ఒకాయన సంచిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని వచ్చిండు. సెకండ్‌హ్యాండ్‌ది, పద్దెనిమిది వేలు పెట్టి కొన్నది.

"తమ్మీ, బిడ్డ డిప్లొమాల చేరింది. ఐ7 అని ఇచ్చిండు. ఇంతకన్న పెద్దది లేదన్నడు. మరి గిట్ల నడుస్తదేంది? ఒకటి తెరిస్తె ఇంకోటి ఆగిపోతది."

స్టిక్కర్ మీద నిజంగానే ఐ7 అని ఉంది. దుకాణంవాడు అబద్ధం చెప్పలేదు. పూర్తి నంబర్ తీసి చూస్తే ఐ7-4600యూ. 2013లో వచ్చిన చిప్పు. కోర్లు రెండు, థ్రెడ్లు నాలుగు, మామూలు వేగం 2.1 గిగాహెర్ట్జ్, ఎక్కువలో ఎక్కువ 3.3, క్యాష్ 4 ఎంబీ, వాట్లు 15. అదే ఏడు, అదే నాలుగో తరంలో ఐ7-4700ఎమ్‌క్యూ అని ఇంకొకటి వచ్చింది. దానికి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, 47 వాట్లు. రెండింటి మీదా ఐ7 అనే స్టిక్కరే. ఒకటి ఇద్దరు పనివాళ్ల కార్ఖానా, ఇంకొకటి నలుగురిది. బోర్డు మాత్రం ఒకటే.

"అంటె నన్ను మోసం జేసిన్రా?" అన్నడు మామ.

"ఐ7 అడిగినవ్ మామా, ఐ7 ఇచ్చిండు. ఎన్ని కోర్లు, ఏ ఏడుది అని అడగకపోతే వాడెందుకు చెప్తడు?"

ఆ నంబర్ చివర ఉన్న 'యూ' అక్షరంలోనే సగం సంగతి ఉంది. తక్కువ కరెంటుతో నడిచే రకం అని దానర్థం. ఇట్లాంటివాటిని లో-పవర్ మొబైల్ ప్రాసెసర్లు అంటారు. మొబైల్ అంటే ఇక్కడ ఫోను కాదు, మోసుకుపోయే కంప్యూటర్ అని. ఇంటెల్ లెక్కలో వై అని ఉంటే దాదాపు 5 వాట్లు, యూ అని ఉంటే చాలా ఏండ్లు 15 వాట్లు, హెచ్ అని ఉంటే సాధారణంగా 45 వాట్లు. 11వ తరంలో కొన్నింటికి యూ బదులు జీ4, జీ7 అని ఉంటుంది. అవి కూడా తక్కువ కరెంటువే, జీ పక్కన అంకె బొమ్మలు గీసే భాగం ఎంత గట్టిదో చెప్తుంది. 2023 చివర్లో కోర్ అల్ట్రా అని కొత్త పేరు పెట్టి 'ఐ' తీసేశారు గాని యూ, హెచ్ అక్షరాలు పోలేదు.

ఇప్పుడు ఒక్కొక్క మాటా మన భాషలోకి తెచ్చుకుందాం.

కోర్ అంటే ఒక పనివాడు. థ్రెడ్ అంటే ఆ పనివాడు చూసుకునే సాంచా. (థ్రెడ్ అనే ఇంగ్లిష్ మాటకు అర్థమే పోగు, మన పని మాటే వాళ్లు తీసుకున్నారు.) రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు అంటే ఇద్దరు పనివాళ్లు, ఒక్కొక్కరికి రెండు సాంచాలు. ఒక సాంచా పోగు తెగి ఆగినప్పుడు ఇంకోదాని మీద పని సాగుతుంది, అందుకు లాభమే. కానీ సాంచాలు రెండింతలు చేస్తే గుడ్డ రెండింతలు రాదని సేఠ్‌కు తెలియకపోయినా మనకు తెలుసు. థ్రెడ్లు కూడా అంతే. ముందు కోర్లు లెక్కపెట్టండి, తర్వాతే థ్రెడ్లు.

గిగాహెర్ట్జ్ అంటే సాంచా వేగం. మనం నిమిషానికి ఎన్ని పిక్కులు అంటాం, వాళ్లు సెకనుకు ఎన్ని వంద కోట్ల దెబ్బలు అంటారు. 1.6 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 160 కోట్లు. వినడానికి గుండె ఝల్లుమంటుంది గాని ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 2008లో ఇంటెల్ ఆటమ్ ఎన్270 అనే చిన్న చిప్పు తెచ్చింది. ఒక కోరు, 1.6 గిగాహెర్ట్జ్, రెండున్నర వాట్లు. బుల్లి నెట్‌బుక్‌లు అని కొన్ని ఏండ్లు తిరిగాయి చూడండి, మొదట్లో వచ్చినవాటిలో ఎక్కువగా ఉన్నది అదే. 2017లో వచ్చిన ఐ5-8250యూ మామూలు వేగం కూడా సరిగ్గా 1.6 గిగాహెర్ట్జే. రెండూ ఒకటేనా? పొంతనే లేదు. 36 ఇంచుల పన్నా సాంచా, 72 ఇంచుల పన్నా సాంచా ఒకే వేగంతో కొడితే గుడ్డ ఒకటే వస్తుందా? చిప్పుకు కూడా పన్నా ఉంటుంది. ఒక్క దెబ్బలో ఎంత పని అవుతుందనేదే ఆ పన్నా. అది స్టిక్కర్ మీద రాయరు, నంబర్ మీద కూడా రాయరు. కొత్త తరం వచ్చిన కొద్దీ పెరుగుతూ పోతుంది, అందుకే చిప్పు ఏ ఏడుదో తెలుసుకోవాలి అంటున్నాను.

వేగం రాసే తీరులో ఇంకో కిటుకు ఉంది. "2.8 గిగాహెర్ట్జ్ వరకు" అని డబ్బా మీద ఉంటుంది. ఆ 'వరకు' మీద వేలు పెట్టండి. సెలెరాన్ ఎన్4020 అని కొత్త చవక ల్యాప్‌టాప్‌లలో బాగా పెట్టారు, 2019 చివర్లో వచ్చింది. మామూలు వేగం 1.1, బాగా పరుగెత్తితే 2.8. ఆ పరుగు కొద్దిసేపే. వేడెక్కగానే చిప్పు తనంతట తానే నెమ్మదిస్తుంది. పోగు తెగకుండా, కండె అయిపోకుండా పన్నెండు గంటలూ సాంచా నడిస్తే ఇన్ని మీటర్లు అని సేఠ్ కట్టే లెక్క లాంటిదే ఈ 'వరకు'. పగారు మాత్రం దిగిన గుడ్డకే వస్తుంది.

క్యాష్ అంటే చెయ్యి చాచితే అందేటట్టు సాంచా పక్కన పెట్టుకున్న కండెలు. ర్యామ్ అంటే కార్ఖానా లోపలే ఉన్న నూలు సంచులు. హార్డ్‌డిస్క్, ఎస్‌ఎస్‌డీ అంటే గోడౌన్. పక్కన కండె ఉంటే నాడె ఆగదు. సంచి దాకా పోవాలంటే కొంచెం ఆగుతుంది. గోడౌన్‌కు మనిషిని పంపితే బీడీ తాగేంత సేపు సాంచా ఖాళీ. చిప్పు ఎంత మంచిదైనా 4 జీబీ ర్యామ్ పెడితే అది దినమంతా గోడౌన్‌కు తిరుగుతూనే ఉంటుంది. మామ ల్యాప్‌టాప్‌లో ఉన్నదీ 4 జీబీయే. నా దగ్గరికి "నెమ్మది" అని వచ్చే మిషన్లలో చాలావాటికి రోగం చిప్పుది కాదు, నూలు సంచులు చాలవు. లేదా గోడౌన్ పాతది, అంటే తిరిగే హార్డ్‌డిస్క్. ర్యామ్ 8 చేసి ఎస్‌ఎస్‌డీ పెడితే సగం మిషన్లు లేచి కూర్చుంటాయి.

ఇక వాట్లు. చిప్పు కంపెనీ ఇచ్చే లెక్కల్లో టీడీపీ అని గాని, కొత్త వాటికి బేస్ పవర్ అని గాని ఉంటుంది. మామూలు వేగంతో నిండుగా పని చేసినప్పుడు చిప్పు పుట్టించే వేడి ఎంతో అది చెప్తుంది. పరుగు తీసినప్పుడు కొద్దిసేపు అంతకన్నా ఎక్కువే తాగుతుంది. మన సాంచాకు ఒక హార్స్‌పవర్ మోటారు పెడితే అది 746 వాట్లు. ఆ ఒక్క మోటారు కరెంటుతో 15 వాట్ల చిప్పులు దాదాపు యాభై నడుస్తాయి. 6 వాట్లవి అయితే నూటిరవై పైనే.

ఇంత తక్కువ కరెంటుతో ఎట్లా నడుస్తుంది? చిప్పు లోపల కోట్ల కొద్దీ బుల్లి స్విచ్చులు ఉంటాయి. ప్రతి దెబ్బకు అవి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. అవి తాగే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీతో అయితే వర్గం లెక్కన పెరుగుతుంది. వోల్టేజీ పదో వంతు తగ్గిస్తే కరెంటు ఖర్చు దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. దాంతో వేగం కూడా కొంచెం తగ్గిస్తే ఇంకా కలిసొస్తుంది. లో-పవర్ చిప్పు చేసేది ఇదే. తక్కువ వోల్టేజీ మీద, తక్కువ వేగంతో నడవడం. స్విచ్చులు సన్నబడిన కొద్దీ కూడా కరెంటు తగ్గుతూ వచ్చింది. నానోమీటర్ అంకె దాన్నే చెప్పేది: ఆటమ్ 45, మామ ఐ7 22, ఐ5-8250యూ 14. డెనియర్ లాగానే, అంకె తగ్గితే సన్నం. ఇప్పుడు మాత్రం ఆ అంకెలు కొలత కన్నా పేరుగానే మిగిలాయి. మన దగ్గర కొన్ని గుడ్డలకు పాత కౌంటు పేరే నడుస్తుంది చూడండి, అట్లా.

ఫోనుల్లో ఉండే ఆర్మ్ రకం చిప్పుల గురించి ఒక ముచ్చట ఉంది. చెప్పకపోతే నాకు తోచదు. 1985లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఏకార్న్ అనే చిన్న కంపెనీవాళ్లు మొదటి ఆర్మ్ చిప్పు పెట్టి ఎంత కరెంటు తాగుతుందో కొలుస్తుంటే మీటరు సున్నా చూపించింది. చూస్తే చిప్పుకు కరెంటు తీగే కలపలేదు. పక్క తీగల్లోంచి కారుతున్న కొద్దిపాటి కరెంటుతోనే అది నడుస్తూ ఉంది. ఇవాళ మన జేబుల్లో ఉన్న ఫోనులన్నీ ఆ వంశంవే.

వంశం అంటే గుర్తొచ్చింది. కంప్యూటర్ మనకు పరాయిది కాదు. 1804 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని లియాన్ ఊర్లో జాకార్డ్ అనే ఆయన చిల్లుల అట్టలతో పోగులను ఎత్తే మగ్గం చేశాడు. చిల్లు ఉంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. ఇవాళ్టి చిప్పు కూడా ఉంది, లేదు అనే ఈ రెండు మాటలతోనే నడుస్తుంది. ఇంగ్లండ్‌లో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి ఆ అట్టలనే వాడాలని అనుకున్నాడు. జాకార్డ్ బొమ్మను పట్టులో నేసిన గుడ్డ ఒకటి ఆయన దగ్గర ఉండేది. దాన్ని నేయడానికి సుమారు 24,000 అట్టలు పట్టాయి. మన పిల్లలకు కంప్యూటర్ క్లాసులో ఇది చెప్తారో లేదో తెలియదు గాని, జాకార్డ్ సాంచా చూపించి ఇంట్లో మనమే చెప్పొచ్చు.

సరే, తక్కువ కరెంటు చిప్పు అంటే నాసిరకమా? కాదు. మన ఇళ్లకు అదే నయం అంటాను నేను. కారణం దూది నూగు. నా బల్ల మీదికి వచ్చే ల్యాప్‌టాప్ విప్పితే ఫ్యాను దగ్గర చిన్న పరుపులాగా నూగు పేరుకొని ఉంటుంది. కార్ఖానా పక్కనే ఖోలీ, బట్టల మీద నూగు, తలలో నూగు. 45 వాట్ల చిప్పును చల్లబరచాలంటే ఫ్యాను గట్టిగా గాలి లాగాలి, గాలితో పాటు నూగునూ లాగుతుంది. దారి మూసుకుపోతుంది, చిప్పు వేడెక్కుతుంది, వేగం తగ్గించుకుంటుంది. లక్ష పెట్టి కొన్న గేమింగ్ మిషన్ ఏడాది తిరగకముందే ఐదో వంతు ధర దానిలా నడవడం నేను చూశాను. 6 వాట్ల చిప్పుకు చాలా మిషన్లలో ఫ్యానే ఉండదు. నూగు పోయే దారే లేదు. 15 వాట్లవాటికి చిన్న ఫ్యాను ఉంటుంది, ఆరు నెలలకొకసారి శుభ్రం చేయిస్తే చాలు. పరుపు మీద, బొంత మీద మాత్రం పెట్టకండి. కింద గాలి రంధ్రాలు మూసుకుంటాయి.

రెండోది బ్యాటరీ. మామూలు ల్యాప్‌టాప్‌లో 42 వాట్-గంటల బ్యాటరీ ఉందనుకోండి. తెరతో కలిపి 10 వాట్లు తాగుతూ చదువు పని చేసుకుంటే నాలుగు గంటలు. 45 వాట్ల చిప్పు నిండు జోరు మీద ఉంటే తెర ఖర్చు కలపకముందే గంట కూడా రాదు. ఒకే గదిలో అయిదుగురు ఉండి, ఒకే ప్లగ్గుకు మిక్సీ, ఫోను, ఇస్త్రీ పెట్టె వంతు కాసే ఇంట్లో నాలుగు గంటలు అంటే పిల్ల మెట్ల మీద కూర్చుని ప్రాజెక్టు పూర్తి చేసుకోవచ్చు.

అయితే తక్కువ వాట్లు అని ఏదంటే అది కొనడం కూడా కాదు. 6 వాట్లలోనే ఎన్4020కి రెండు కోర్లు, థ్రెడ్లు కూడా రెండే, ర్యామ్ 8 జీబీకి మించి పట్టదు. 2023లో వచ్చిన ఎన్100కు అవే 6 వాట్లు, కోర్లు నాలుగు, వేగం 3.4 వరకు, క్యాష్ 6 ఎంబీ, ర్యామ్ 16 జీబీ వరకు. కరెంటు ఒకటే, పనివాళ్లు రెండింతలు. ఈ రెండూ అల్మారాలో పక్కపక్కనే ఉంటే ధరలో తేడా కొంచెమే, పనిలో తేడా చాలా. ఎన్4020 మిషన్లలో కొన్నింటికి గోడౌన్ 64 జీబీ ఈఎమ్ఎమ్‌సీ అని ఉంటుంది, అది ఎస్‌ఎస్‌డీ కాదు. విండోస్ 11కే కనీసం 64 జీబీ ఉండాలని మైక్రోసాఫ్ట్ చెప్తుంది. ఇక పిల్లల పాఠాలు ఎక్కడ పెట్టుకోవాలి?

ఏఎమ్‌డీ కంపెనీది అయితే ఇంకో చిట్కా. రైజెన్ 3 7320యూ అని ఉంటే ముందున్న 7 చూసి కొత్తదని మురిసిపోకండి. ఆ 7000 వరుసలో మూడో అంకె లోపలి డిజైన్ ఏ తరందో చెప్తుంది. ఇక్కడ 2, అంటే జెన్ 2, 2019 నాటి డిజైన్. చిప్పు 2022లో వచ్చింది. అంత మాత్రాన చెడ్డది అనను. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, 15 వాట్లు, చదువుకు సరిపోతుంది. కానీ దాని ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. 8 జీబీది కొంటే ఎప్పటికీ 8 జీబీయే, తర్వాత నా దగ్గరికి తెచ్చి పెంచమంటే నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. కొనేటప్పుడే 16ది ఉందా అని అడగాలి.

ఇక మామ మిషన్ సంగతి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా నడుస్తుంది. నాలుగో తరం ఐ7 ఆ గీత బయటే ఉంది. గీత లోపల మొదట్లోనే ఉన్నది ఐ5-8250యూ. అవే 15 వాట్లు, కానీ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, క్యాష్ 6 ఎంబీ. సెకండ్‌హ్యాండ్ బజారులో ఐ5 అని దాన్ని తీసి పక్కన పెడతారు, ఐ7 అని నాలుగో తరాన్ని ఎత్తుకుంటారు. మామ మిషన్‌లో ర్యామ్ పెంచి, ఎస్‌ఎస్‌డీ వేసి, లినక్స్ ఎక్కించి ఇచ్చాను. బిడ్డ సీ, పైథాన్ నేర్చుకోవడానికి బాగానే నడుస్తోంది. కాలేజీలో ఆటోక్యాడ్ మొదలైతే మాత్రం ఇంకొకటి చూడాల్సిందే. ఆ పద్దెనిమిది వేలు మామకు ఎన్ని పాళీల పగారో మీకు నేను లెక్క కట్టి చెప్పక్కర్లేదు.

ఎవరికి ఏది? టైపింగ్, ట్యాలీ, ఆన్‌లైన్ క్లాసు వరకే అయితే ఎన్100, 8 జీబీ చాలు. కోడింగ్, ఇంజనీరింగ్ అయితే కనీసం నాలుగు కోర్ల యూ చిప్పు, వీలైతే 16 జీబీ. వీడియోలు కత్తిరించడం, త్రీడీ బొమ్మలు అయితే హెచ్ తీసుకోండి, నూగు శుభ్రం చేయించే ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

దుకాణంలో పూర్తి నంబర్ ఎట్లా చూడాలి? కొత్తది అయితే డబ్బా పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది. పాతది అయితే ఆన్ చేయించండి. కీబోర్డులో విండోస్ గుర్తు, ఆర్ కలిపి నొక్కి, డీఎక్స్‌డయాగ్ అని ఇంగ్లిష్‌లో కొట్టి ఎంటర్ నొక్కితే ప్రాసెసర్ అనే వరుసలో మొత్తం నంబర్, దాని కిందనే ర్యామ్ ఎంతో వస్తుంది. ఆ నంబర్ ఫోనులో కొట్టి ఇంటెల్ గాని ఏఎమ్‌డీ గాని సొంత వెబ్‌సైట్‌లో చూస్తే కోర్లు, థ్రెడ్లు, వాట్లు, వచ్చిన ఏడు అన్నీ ఉచితంగా కనిపిస్తాయి. పదో తరగతి పిల్ల రెండు నిమిషాల్లో చూసిపెడుతుంది. లామింగ్టన్ రోడ్డు దాకా పోయినా సరే, కల్యాణ్ నాకా దగ్గర కొన్నా సరే, చూడనివ్వని దుకాణం నుంచి లేచి వచ్చేయండి. కొన్నాక బిల్లు మీద 'ఐ5 ల్యాప్‌టాప్' అని కాకుండా చివరి అక్షరంతో సహా పూర్తి నంబర్, ర్యామ్ ఎన్ని జీబీ, ఎస్‌ఎస్‌డీ ఎన్ని జీబీ అని రాయించుకుని, దుకాణం ముద్ర వేయించుకోండి.